కంటి ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్ గదిలో కూర్చునే వారికి ఒక బహిరంగ లేఖ

కౌన్సెలర్ మేడంలకు, సార్లకు నమస్కారం.

ఈ లేఖ డాక్టర్లకు కాదు, మీకే. డాక్టరు గారు నాతో మాట్లాడింది అంతా కలిపినా ఐదు నిమిషాలు ఉండదు. ఆయన చేయాల్సిన పని శుభ్రంగా చేశారు, ఆ మాట మొదటే చెప్పేస్తున్నా. ముప్పావుగంట నాతో మాట్లాడింది మీరు. బల్ల మీద ప్లాస్టిక్ కంటిగుడ్డు బొమ్మ పెట్టుకుని, దాన్ని రెండు చెక్కలుగా విప్పి చూపించింది మీరు. అడ్వాన్సు కట్టించుకున్నదీ మీరే. మా ఊరి పిల్లలు అనంతపురంలో కొందరు, కడపలో కొందరు, బెంగళూరు పోయి కొందరు, కళ్లద్దాలు పోవడానికి లేజర్ ఆపరేషన్ చేయించుకొచ్చారు. నా కళ్ల గొడవ అయ్యాక వాళ్లందరినీ అడిగి చూశాను. ఊరు మారింది గానీ ఆ గదిలో మాటలు మారలేదు. అందుకే ఏ ఆసుపత్రి పేరూ ఇక్కడ రాయడం లేదు.

మాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ బాడుగలు నా పని. ఆఫీసు గది అనేది పేరుకే, కిటికీ అవతలే కోత మిషన్లు. పొద్దున తుడిచిన టేబుల్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత పొడి పడుతుంది. ఐదో తరగతిలో నాకు సైటు అని తేలింది. బోర్డు మీది లెక్క కనపడక పక్కపిల్ల నోట్సు చూసి ఎక్కించుకుంటుంటే కాపీ కొడుతున్నానని సారు బెత్తం తీసుకున్నాడు. ఆ సాయంత్రమే నాయన బజారుకు తీసుకుపోయి అద్దాలు చేయించాడు. ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి కుడికంటికి మైనస్ 4.5, ఎడమకంటికి మైనస్ 5. అద్దాల మీద పొడి, చెమట, మాస్కు కట్టుకుంటే ఆవిరి. పైగా వచ్చిన సంబంధాల వాళ్లు "పిల్ల బాగుంది, ఆ అద్దాలే..." అని సాగదీయడం. లేజర్ ఎందుకు చేయించుకున్నావంటే నేను పొడి సంగతి చెప్తాను, అమ్మ సంబంధాల సంగతి చెప్తుంది. రెండూ నిజమే.

మీరు నా ముందు పెట్టిన కార్డు మీద మూడు ధరలున్నాయి. బ్లేడుతో పొర లేపేది, లేజర్‌తోనే పొర లేపేది, అసలు పొరే లేపనిది. పాత సినిమా హాల్లో నేల, బెంచి, బాల్కనీ ఉన్నట్టు. బాల్కనీ టికెట్టు కొంటే బొమ్మ బాగా కనపడుతుందన్నట్టే చెప్పారు కూడా. మిషన్ ఏ దేశానిదో చెప్పారు, ఈఎంఐ ఎన్ని నెలలో చెప్పారు. (ఇన్సూరెన్సు వస్తుందా అని అడిగితే రాదన్నారు. అది సరైన మాటే. హెల్త్ పాలసీల మినహాయింపుల్లో 7.5 డయాప్టర్ల (సైటు పవరు కొలత అది) కన్నా తక్కువ సైటు సరిచేసే ఖర్చు ఉంటుంది.) "పదిహేను నిమిషాలు మేడం, రెండు రోజుల్లో పనికి పోవచ్చు, ఇక జన్మలో అద్దాలు ఉండవు" అన్నారు. ముప్పావుగంటలో మీరు అడగని ప్రశ్న ఒక్కటే: నువ్వు ఏం పని చేస్తావమ్మా?

అడిగి ఉంటే ఆ మూడు టికెట్ల మధ్య తేడా ఏమిటో మీకే చెప్పాల్సి వచ్చేది. అది నేను తర్వాత, నా రిపోర్టు ముందేసుకుని, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నాను. లెక్కలు చూసేదాన్ని కాబట్టి అది నాకు లెక్కలాగే అర్థమైంది. నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది కదా, అది అర మిల్లీమీటరు పైచిలుకు మందం. నాది 532 మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో పైన లేపే మూత 110. ఒక డయాప్టరు సైటు తీయడానికి లేజర్ 12 నుంచి 15 మైక్రాన్ల దాకా అరగదీస్తుంది, అంటే నా ఐదుకు 70 దాకా పోయింది. 532లో 110, 70 తీసేస్తే 352. కింద 250కి తగ్గకూడదని పాత లెక్క, ఇప్పుడు చాలామంది 300 ఉంచుతారు. కాబట్టి నాకు నిల్వ బాగానే ఉంది. మా అక్క కొడుక్కి మైనస్ 8, పొర పలుచన, "మీకు చేయం" అని పంపించేశారు. వాణ్ని అప్పుడు అందరం ఓదార్చాం, నిజానికి ఆ ఆసుపత్రికి దండం పెట్టాల్సింది. ఈ ఖాతాలో తీయడమే గానీ మళ్లీ వేయడం ఉండదు.

ఇక ఆ మూత. లేపి, లేజర్ కొట్టి, మళ్లీ కప్పేస్తారు. కుట్లు ఉండవు, దానంతటదే అతుక్కుంటుంది. కానీ ముందున్నంత గట్టిగా ఎప్పటికీ అతుక్కోదు, గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాత కూడా చోటు తప్పి పక్కకు జరిగే అవకాశం ఉంది. కబడ్డీ ఆడే పిల్లవాడికి, బండలు మోసే మనిషికి మూత లేపని పద్ధతి మేలని డాక్టర్లే చెప్తారు. పైచర్మం మాత్రం గీకి లేజర్ కొట్టే పీఆర్‌కే అనే పాత పద్ధతి కూడా ఉంది. నాలుగైదు రోజులు మంట, చూపు తేటపడటానికి వారాలు పడుతుంది, కానీ మూత గొడవ ఉండదు. మీ కార్డు మీద అది లేనే లేదు. నేను వినే స్థితిలో ఉన్నానా అంటే, చెప్తే విని ఉండేదాన్ని.

నా ఫైల్లో ఇంకో కాగితం ఉంది. పరీక్షల రోజు కింది రెప్ప లోపల సన్నటి కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. కన్నీళ్లు దాన్ని ఎంత దూరం తడిపితే అంత మంచిది. పది మిల్లీమీటర్లు దాటితే మామూలు. నాది కుడి 8, ఎడమ 7. ఆపరేషన్‌కు ముందే నా కళ్లు కొంచెం పొడివే అన్నమాట. ఆ ఫైలు మీ చేతిలోనే ఉంది, ధర రాయడానికి దాని అట్టమీదే కాగితం పెట్టుకున్నారు.

సంతకాలు కూడా ఆ రోజే పెట్టించారు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి గంటయింది. అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. నాకున్న సైటుకు అద్దాలు తీసి కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే చదవొచ్చు, కానీ మీ ముందు అట్లా చేయడానికి సిగ్గేసింది. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. నేను బీకాం కంప్యూటర్స్. ఇంగ్లీషు బిల్లు చదవగలను, ఆ పేజీలు చదవలేను. "ఫార్మాలిటీ మేడం" అన్నారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఒకటుంది. చేసేది ఏమిటి, దానికి బదులు ఇంకేముంది, అందులో ప్రమాదం ఏమిటి అన్నది పేషెంటుకు తెలిసేట్టు చెప్పాక ఇచ్చేదే సమ్మతి అని. కోర్టుకు పోతానని కాదు ఈ మాట ఎత్తింది. అది ఫార్మాలిటీ కాదని మాత్రం మీకు గుర్తు చేయడానికి.

ఆపరేషన్ సంగతి చెప్తాను, ఎందుకంటే అదీ మీరు చెప్పలేదు. మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టారు. కంటి మీద ఏదో గిన్నెలాంటిది అదిమారు, అంతే, ఆ కంటికి లోకమంతా చీకటి. పదిహేను ఇరవై సెకన్లే. కానీ చెప్పకుండా వచ్చిన చీకటి అది, నా గుండె ఎక్కడికో పోయింది. చూపు పోయిందనే అనుకున్నా. తర్వాత ఇంకో మిషన్ కిందికి జరిపారు. మెరిసే చుక్క లైటు చూస్తూ ఉండమన్నారు. టకటకటక అని శబ్దం, దాంతోపాటు వెంట్రుకలు కాలినట్టు వాసన. నా కన్ను కాలుతోందని వణికిపోయాను. డాక్టరు గారు "కదలకండమ్మా, అయిపోయింది" అంటూనే ఉన్నారు.

అది కాలడం కాదని తర్వాత తెలిసింది. ఆ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. వేడితో కాల్చదు, పొరలోని అణువుల బంధాలు తెంచి ఆవిరి చేస్తుంది. ఆ వాసన దానిదే. ఈ లేజర్ ఒంటి కండను ఇట్లా కాల్చకుండా కోస్తుందని మొదట కనిపెట్టిన ముగ్గురిలో ఒకాయన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలో ఐబీఎం కంపెనీలో పని చేసేవాడు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు ఇంట్లో వండిన టర్కీ కోడి మిగిలితే మర్నాడు ల్యాబుకు తీసుకుపోయి దాని మీద లేజర్ కొట్టి చూశాడు. అంచు మాడకుండా తెగింది. మిషన్ ఏ దేశానిదో అంత గొప్పగా చెప్పేబదులు ఈ కథ చెప్పి, "వాసన వస్తుంది, భయపడొద్దు" అని ఒక్క ముక్క అని ఉంటే ఎంత బాగుండేది!

ఆ రాత్రి కళ్ల మీద ప్లాస్టిక్ మూతలు అంటించుకుని పడుకున్నా. ఉల్లిపాయలు తరిగినట్టు ఒకటే నీళ్లు. తెల్లారి లేచి మూతలు తీస్తే, లాడ్జి గోడకున్న క్యాలెండరులో తిథి వారం నక్షత్రం రాసిన చిన్న అక్షరాలు మంచం మీది నుంచే కనపడ్డాయి. అలవాటు కొద్దీ చెయ్యి దిండు కింద అద్దాల కోసం వెతుకుతోంది. అమ్మ అది చూసి నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆ పొద్దు కోసం ఇంకోసారి అంత డబ్బూ కట్టమన్నా కడతాను. అది అబద్ధం కాదు.

కానీ నాకు ఆపరేషన్ అయింది జూన్ మొదటి వారం. మా జిల్లాలో జూన్ అంటే ఏమిటో అనంతపురంలో కూర్చున్న మీకు నేను చెప్పాలా? వాన వచ్చేది తక్కువ, గాలి మాత్రం ఆషాఢం దాటేదాకా వదలదు. మా వైపు కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? మర్నాడు చూపించుకుని ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికి వచ్చాను, నల్లద్దాలు పెట్టుకునే. మీరు చెప్పినట్టు మూడో రోజు పనికి పోయాను. వారం తిరిగేసరికి కళ్లలో నలక పడ్డట్టు, ఎప్పుడూ పడే ఉన్నట్టు. కడగకూడదు, నలపకూడదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి రెప్ప తెరవబోతే గుడ్డుకు అతుక్కుపోయి ఉండేది. మెల్లగా, తడి పేపరు విప్పినట్టు విప్పుకోవాలి. చీకటి పడ్డాక తమ్ముడి బండి వెనక కూర్చుంటే ఎదురొచ్చే ప్రతి లారీ లైటు చుట్టూ గుండ్రంగా వెలుగు, దీపావళి భూచక్రం తిరిగినట్టు.

మీ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "నార్మల్ మేడం" అన్నారు. అది నార్మలే, నేను కాదనను. పొర లేపేటప్పుడు, అరగదీసేటప్పుడు అందులోని సన్న నరాలు తెగుతాయి. కన్ను ఎండిందని మెదడుకు చెప్పేవి ఆ నరాలే. అవి మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో సర్దుకుంటుంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేయించిన అధ్యయనంలో 95 శాతానికి పైగా జనం చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. మీ గోడ మీద అట్లాంటి అంకెలే ఉంటాయి. అదే అధ్యయనంలో, ముందు పొడికళ్ల బాధ లేనివాళ్లలో దాదాపు 30 శాతం మందికి మూడో నెలకు ఆ లక్షణాలు మొదలయ్యాయి. గోడ మీద ఇది ఎక్కడా చూడలేదు. అడ్వాన్సుకు ముందు తెలిస్తే "నార్మల్" అన్న మాట ధైర్యం. తర్వాత ఫోన్లో వింటే విసుగు.

అసలు కోపం వచ్చింది చుక్కల మందు దగ్గర.

మీరిచ్చిన నున్నటి ఫోల్డరులో మందుల కాగితం ఉంది. స్టెరాయిడ్ చుక్కల ఎదురుగా నాలుగు వరుసలు: మొదటి వారం క్యూఐడీ, రెండో వారం టీడీఎస్, మూడో వారం బీడీ, నాలుగో వారం ఓడీ. మెడికల్ షాపు పిల్లవాణ్ని అడిగితే మొదటి మూడూ చెప్పాడు: రోజుకు నాలుగుసార్లు, మూడుసార్లు, రెండుసార్లు. నాలుగోది అడగలేదు, నాకు తెలుసు కదా అనుకున్నా. ఎందుకంటే మీ ఆసుపత్రి రిపోర్టుల్లో ప్రతి పేజీలో ఓడీ, ఓఎస్ అని ఉంటుంది. ఓడీ అంటే కుడికన్ను, ఓఎస్ అంటే ఎడమకన్ను. మీరే చూపించి చెప్పారు ఆ రోజు. కాబట్టి నాలుగో వారం నుంచి కుడికంట్లో మాత్రమే వేసుకోవాలని నాకు అర్థమైంది. ఎన్నిసార్లో రాయలేదు గనుక, అంతకుముందు వేసుకున్నట్టే రెండుపూటలా. ఎప్పుడు ఆపాలో కూడా రాయలేదు. సీసా అయిపోతే ఇంకోటి కొన్నాను.

నెలకు రమ్మన్న చెకప్‌కు నేను పోలేదు. ఫ్యాక్టరీలో లెక్కల తనిఖీ ఉండింది, సెలవు ఇవ్వలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నా. ఏడో వారంలో, కళ్లపొడి తట్టుకోలేక ఇంకో డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె కంటి ప్రెషర్ చూసింది. ఎడమ 14. కుడి 25. మళ్లీ చూసింది, అంతే. ఇరవై ఒకటి దాటకూడదంట. "ఒక కంటికే ఎందుకు పెరిగిందబ్బా" అని కాసేపు తనలో తానే అనుకుంది. "ఏ మందు వేస్తున్నావమ్మా, చూపించు" అంది. సంచిలోంచి సీసా, కాగితం తీసి ఇచ్చాను. కాగితం చదివి, నా మొహం చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

మందుల భాషలో ఓడీ అంటే రోజుకు ఒక్కసారి. కంటి భాషలో ఓడీ అంటే కుడికన్ను. రెండు భాషలూ మీ ఫోల్డరులోనే ఉన్నాయి. పేషెంటు భాషే లేదు.

స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పడితే కొందరికి ప్రెషర్ పెరుగుతుంది, చూసుకోకపోతే నరం దెబ్బతింటుంది. పైగా, లేజర్‌తో పలుచబడ్డ పొర మీద మిషన్ ప్రెషర్‌ను తక్కువ చూపిస్తుందట, అంటే అసలుది 25 కన్నా ఎక్కువే అయి ఉండొచ్చు అంది డాక్టరమ్మ. మందు ఆపించి, ప్రెషర్ తగ్గే చుక్కలు కొన్నాళ్లు వేయించింది. మూడు వారాలకు దిగింది. నా అదృష్టం.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు సంతకం తప్ప చదువు రాదు. రెండేళ్ల కింద సర్కారాస్పత్రిలో కంట్లో పొరకు, అదే శుక్లానికి, ఆపరేషన్ చేయించుకుంది. అక్కడ కార్పెట్ లేదు, ఫోల్డరు లేదు, కూర్చోడానికి బెంచీ కూడా దొరకలేదు. డిశ్చార్జి చీటీ వెనక నర్సమ్మ పెన్నుతో బొమ్మలు వేసి ఇచ్చింది. పొడిచే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు. ఒక్కో బొమ్మ కింద సీసా మూత రంగు గుర్తు. వారం మారినప్పుడల్లా ఒక సూర్యుడు తగ్గాడు. ఆఖరి వారం చంద్రుడొక్కడే. దాని కింద ఇంటూ మార్కు. "ఇంగ ఆపేయ్ అవ్వా" అని నోటితో కూడా చెప్పింది. అమ్మ ఒక్క చుక్క తప్పలేదు. బీకాం చదివిన నేను తప్పాను.

ఆ చీటీ ఇప్పటికీ మా దేవుని గూట్లో ఉంది. మీ ఫోల్డరు బీరువాలో ఉంది. దాన్నీ పారేయను, ఎందుకంటే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ముసలితనంలో నాకూ కంట్లో పొర వస్తే లోపల పెట్టే లెన్సు పవరు లెక్కగట్టడానికి లేజర్‌కు ముందటి నా రీడింగులు ఉంటే మేలు, లేజర్ అయిన కంటికి ఆ లెక్క తప్పే అవకాశం ఎక్కువ అని. ముప్పై ఏళ్ల తర్వాత పనికొచ్చే కాగితాలని మీరు ఒక్క మాట అనలేదు. బీరువా సర్దేటప్పుడు వాటిని పాత పేపర్ల వాడికి వేయబోయి ఆగాను. "జన్మలో అద్దాలు ఉండవు" అన్నది కూడా దిద్దుకోండి. నలభై దాటితే చత్వారం నాకూ వస్తుంది, దారం సూదిలోకి ఎక్కించాలంటే అద్దాలు పెట్టుకోవాల్సిందే. లేజర్ దాన్ని ఆపదు.

ఇప్పుడు పదో నెల. లైట్ల చుట్టూ భూచక్రాలు ఎప్పుడో ఆగిపోయాయి. చుక్కలు రోజుకు ఎనిమిది సార్ల నుంచి రెండుకు వచ్చాయి. పొడిలో కూర్చున్నప్పుడు పవర్ లేని అద్దాలు పెట్టుకుంటున్నా. అవును, నవ్వుకోండి, మా ఫ్యాక్టరీలో అందరూ నవ్వారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ధర కార్డు బయటికి తీసేముందు ఏం పని చేస్తావని అడగండి. ఎండలోనా, పొడిలోనా, పొద్దంతా కంప్యూటర్ ముందా, పొయ్యి దగ్గరా, ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది అని. మా జిల్లా వాళ్లకైతే గాలులు తగ్గాక రమ్మని చెప్పండి, మీ నెల టార్గెట్ పోతుందని నాకూ తెలుసు, నేనూ టార్గెట్లు ఉన్న కంపెనీలోనే చేస్తున్నా. కాగితం ముక్క ఎంత తడిసిందో, అంటే ఏమిటో చెప్పండి. సమ్మతి కాగితాలు తెలుగులో, కంటిపాప పెద్దది చేయకముందు, ఇంటికి ఇచ్చి పంపండి. మందుల చీటీ మీద "కుడికన్ను", "రోజుకు ఒకసారి", "ఈ తేదీన ఆపేయాలి" అని రాయడానికి ఎంత సిరా అవుతుంది?

వచ్చే నెల మా చిన్నాన్న కూతురు మీలో ఎవరో ఒకరి ఎదుట కూర్చుంటుంది. కడపకు పోతుందో, అనంతపురానికే వస్తుందో ఇంకా తేల్చుకోలేదు. మైనస్ 3. పొద్దంతా పిండిమరలో ఉంటుంది, పిండి ఎగురుతూనే ఉంటుంది. అడిగితే చెప్తుంది. అడగకపోతే చెప్పే పిల్ల కాదు.

ఇట్లు,
తాడిపత్రి నుంచి ఒక పేషెంటు